లెఫ్ట్ కార్నర్ గౌరీసు

శిష్యులు ఏమడిగినా సింహాచలం మాస్టారు వెంటనే జవాబు చెప్పే రకం కాదు. మెడలోని ఈలని నోట్లో పెట్టుకుని, ఊదకుండానే తీసేసి, "చూద్దాంలే" అనేవారు. బొబ్బిలి దగ్గర మా కాలేజీలో ఆయన కబడ్డీ నేర్పేవారు, నేను వృక్షశాస్త్రం చెప్పేవాణ్ని. నా క్లాసు కన్నా సాయంత్రాలు ఆయన గ్రౌండే నాకు ఇష్టంగా ఉండేదని చెప్పడానికి మొహమాటమేమీ లేదు.

గౌరీసు ఆ జట్టులో లెఫ్ట్ కార్నర్. అంటే ఎడమ మూల కాచుకుని ఉండి, కూతకొచ్చిన అవతలివాణ్ని చీలమండ దగ్గర ఒడిసిపట్టేవాడు. కాలేజీలో చేరినప్పటి నుంచీ వాడిదదే పని. మోకాళ్ళూ మోచేతులూ ఎప్పుడూ చెక్కుకుపోయి ఉండేవి. యూనివర్సిటీ జట్టు ఎంపికలు దగ్గర పడ్డాక ఓ సాయంత్రం మాస్టారి ముందుకొచ్చి నిలబడ్డాడు.

"మాస్టారూ, కూతకెళ్ళొచ్చినోడి పేరు గ్రౌండంతా అరుస్తాది. పట్టినోడి పేరు ఒక్కడూ పిలవడు. ఎంపికల్లో నానూ కూతకే ఎళ్తాను. కాదంటే ఆట మానేస్తాను. తప్పేటి?"

మాస్టారు ఈల నోట్లో పెట్టుకుని తీశారు. "చూద్దాంలే."

మర్నాడు పార్వతీపురం కుర్రాళ్ళతో ఆట. మాస్టారు గౌరీసుని కూతకి పంపి, ఎప్పుడూ కూతకెళ్ళే ధనుంజయని ఎడమ మూలలో నిలబెట్టారు. ధనుంజయ అంటే మా కాలేజీకి ప్రాణం. వాడు తొడ కొడితే ఆడపిల్లల హాస్టలు కిటికీలు తెరుచుకునేవి.

గౌరీసు బాగానే ఆడాడు. మొదటి కూతలోనే ఒకణ్ని ముట్టుకుని వచ్చాడు. జనం వాడి పేరు అరిచారు. అప్పుడు వాడి మొహం చూడాలి, పెళ్ళికొడుకు మొహంలా వెలిగిపోయింది. నాకూ సంతోషమేసింది. ఆ ఊపులోనే మళ్ళీ వెళ్ళి దొరికిపోయాడు. ఔటై గీత అవతల బల్ల మీద కూర్చున్నాడు.

ఔటైనవాడు మళ్ళీ లోపలికి రావాలంటే మిగిలినవాళ్ళు పాయింటు తేవాలి. కూతకెళ్ళినవాళ్ళు ఉత్త చేతులతో తిరిగొస్తున్నారు. ఇక ఆశంతా పట్టు మీదే. పార్వతీపురం వాడు సందెక్కడుందో కనిపెట్టి ఎడమ మూలకే వస్తున్నాడు. పాపం ధనుంజయ, వాడి మీదికి దూకాల్సినప్పుడల్లా వెనక్కి దూకేస్తున్నాడు. కూతకెళ్ళి పెరిగిన ఒళ్ళు కదా, మనిషి దగ్గరికొస్తే తప్పించుకోవడమే దానికి తెలుసు.

గౌరీసు మొదట్లో బల్ల మీదే గొణుక్కున్నాడు. తర్వాత లేచి నిలబడ్డాడు. "ధనా, కాలు. కాలు పట్టరా ధనా" అని గొంతు చించుకున్నాడు. జనం పల్లీలు ఒలుచుకుంటున్నారు. ధనుంజయ ఒక్కసారైనా ఇటు తిరగలేదు. చూస్తుండగానే వాడూ ఔటయ్యాడు. ఆట ఓడిపోయాం. గౌరీసు ఇక లోపలికి వెళ్ళనేలేదు.

జనం వెళ్ళిపోయాక వాడు బొంగురుపోయిన గొంతుతో ధనుంజయ మీదికెళ్ళాడు. "అంతలా పిలిస్తే పలకవేటిరా? చెవుడా?"

"పిలిచావా?" అన్నాడు ధనుంజయ, నిజంగానే తెల్లబోయి. "ఒట్టురా, నాకేటీ ఇనపడలేదు. ఆడి కాళ్ళు తప్ప ఇంకేటీ కనపడలేదు."

గౌరీసు ఇంకా ఏదో అనబోయి, మాస్టారు రావడం చూసి ఆగాడు. ఆయనకి వాడంటే ఎంత ముద్దో నాకు తెలుసు. వాడి మోచేతికి అంటుకున్న మట్టి తన తువ్వాలుతో దులిపి, చాలా మామూలుగా అన్నారు.

"ఇన్నాళ్ళూ ఔటైనప్పుడల్లా ఆ బల్ల మీద కూర్చున్నది ధనుంజయేరా. అక్కణ్ణించి ఎవరి పేరు అరిచేవాడో అడుగు."