తెల్లబడ్డ ప్లగ్గు

సన్యాసి మేస్త్రికి రెండు అలవాట్లుండేవి. బండి నుంచి విప్పిన స్పార్కు ప్లగ్గుల్ని తాను చూడకముందు ఎవరినీ తుడవనిచ్చేవాడు కాదు. ఒక టేకు చెక్కకి వరసగా బెజ్జాలు పెట్టించి ఉంచుకున్నాడు. ఇంజనులో సిలిండర్లు ఏ వరసలో నిలబడి ఉన్నాయో ఆ వరసలోనే ప్లగ్గుల్ని చెక్కలో గుచ్చి, కళ్ళజోడు సర్దుకుని, ఒక్కొక్కదాని మూతీ తీరిగ్గా చూసేవాడు. మూతి ఇటుక రంగులో ఉంటే ఆ సిలిండరు ఆరోగ్యంగా ఉన్నట్టు. నల్లగా జిడ్డుగా ఉంటే లోపల ఆయిలు పైకెక్కుతున్నట్టు. ఒకసారి నేను సాయం చేద్దామని నాలుగు ప్లగ్గుల్నీ పెట్రోలుతో కడిగి, ఎమెరీ కాయితంతో తళతళలాడేట్టు రుద్ది ఆయన చేతికిచ్చాను. "అది చెప్పుకోవాలనుకున్నదంతా తుడిచేశావు కదయ్యా" అన్నాడు.

రెండో అలవాటు, ఆయన సీతాఫలాలు ముట్టేవాడు కాదు.

నర్సీపట్నంలో ఆయన షెడ్డులో ఒక మూల నాది బ్యాటరీల పని. పద్దెనిమిదేళ్ళు ఆ మూలనే యాసిడు వాసన పీల్చాను కాబట్టి అక్కడ జరిగినవన్నీ నాకు తెలుసని నా గట్టి నమ్మకం. ఏటా సీతాఫలాల కాలం రాగానే కొండమీది నుంచి మత్స్యలింగం ఒక బుట్ట నిండా కాయలు తెచ్చి మేస్త్రి బల్ల దగ్గర పెట్టేవాడు. మేమంతా తినేవాళ్ళం, అందరికంటే ఎక్కువ నేనే తినేవాణ్ణి. మేస్త్రి తినకపోవడం చూసి ఆయనకి షుగరు వ్యాధి అని తేల్చేసి, బళ్ళు తెచ్చిన పార్టీలందరికీ చెప్పాను కూడా. ఇలాంటివి ఊహించడంలో నన్ను మించినవాడు లేడు లెండి.

మేస్త్రి దగ్గర ఆఖరున పని నేర్చుకున్నవాడు తాతబ్బాయి. ముప్పై నాలుగేళ్ళవాడు. పదేళ్ళు లారీ తోలి, నడుం పట్టేసి, ఇక రెంచీ పట్టుకుందామని వచ్చాడు. చెయ్యి మంచిదే, ఓపికే తక్కువ. బండి తెచ్చినవాడు నవ్వుతూ వెళ్ళిపోతే పని బాగా అయినట్టేనని అతని లెక్క. ఆ లెక్క తప్పని నేనూ అనలేను, నా బ్యాటరీలూ అలాగే సాగాయి.

ఆ రోజు షెడ్డు ముందు మత్స్యలింగం జీపు ఉంది. అది వరసగా నాలుగు సిలిండర్లుండే పాతకాలం పెట్రోలు జీపు. కొండ ఊళ్ళ జనాన్ని సంతకి దింపి, మళ్ళీ ఎక్కించుకుని ఘాటీ రోడ్డు మీదుగా ఊళ్ళకి చేర్చడం అతని పని. మూడో సిలిండరు ప్లగ్గు నల్లగా తడిసిపోతోంది. శుభ్రం చేసి పెడితే రెండు రోజులు నడుస్తుంది, మూడో రోజు మళ్ళీ దగ్గుతుంది. పిస్టను రింగులు అరిగి ఆయిలు పైకొస్తోందని మేస్త్రి అప్పటికే రెండుసార్లు చెప్పాడు. ఇంజను విప్పాలంటే జీపు వారం పది రోజులు షెడ్డులో ఉండాలి. మత్స్యలింగానికి మర్నాడే సంత. పన్నెండు మంది ఎదురుచూస్తుంటారట. ఎలాగైనా సాయంత్రానికి ఇచ్చెయ్యమని చెప్పి, బయట బెంచీ మీద కూర్చుని బుట్టలోని కాయల్ని వేలితో నొక్కి చూసుకుంటున్నాడు.

తాతబ్బాయి కొత్త ప్లగ్గు పెట్టె ఒకటి తెచ్చి మేస్త్రి ముందు పెట్టాడు. అది హాట్ ప్లగ్గు. దాని పింగాణీ మూతి కొంచెం పొడుగు. వేడిని తొందరగా వదలదు కాబట్టి మీద పడ్డ ఆయిలు అక్కడికక్కడే కాలిపోతుంది, మసి నిలవదు.

"గురువుగారూ, మిగతా మూడింటికీ మామూలువే ఉంచి మూడోదానికి మాత్రం ఇది వేసేస్తే సరిపోదా? అందరూ చేస్తున్నదే కదా, తప్పేముంది?" అని అడిగాడు.

ఇంకో రోజైతే మేస్త్రి అవునో కాదో చెప్పి పంపేసేవాడు. ఆ రోజు బయటి బెంచీ వైపు ఒకసారి చూశాడు. తర్వాత పనిముట్ల బీరువా అడుగునుంచి ఒక పాత పౌడరు డబ్బా తీశాడు. అందులో గుడ్డలో చుట్టిన ప్లగ్గు ఒకటి ఉంది. దాన్ని తాతబ్బాయి అరచేతిలో పెట్టి, ఏం కనిపిస్తోందో చెప్పమన్నాడు. మూతి సున్నంలా తెల్లగా పాలిపోయి ఉందని, దాని మీద వెండి చుక్కల్లాంటివి అంటుకుని ఉన్నాయని తాతబ్బాయి చెప్పాడు. అవి ఏమిటని మేస్త్రి అడిగాడు. పిస్టను కరిగి అంటుకున్న చుక్కలని చెప్పేటప్పటికి తాతబ్బాయి గొంతు తగ్గింది.

అప్పుడు మేస్త్రి చెప్పాడు. మాటల మధ్య ఎక్కడా ఆగలేదు, మావైపు చూడనూ లేదు.

ముప్పై ఏళ్ళ కిందట కొండమీద ఒక చిన్న ఆసుపత్రికి ఆరు సిలిండర్ల పెట్రోలు వ్యాను ఉండేదట. దాని డ్రైవరు మత్స్యలింగమే. ఐదో ప్లగ్గు పదే పదే నల్లబడుతోందని, బండి మొరాయిస్తోందని తెచ్చాడు. మేస్త్రి అప్పుడే షెడ్డు పెట్టాడు. ఇంజను విప్పితే రోజులు పడుతుంది, వెంటనే బాగుచేశాడన్న పేరు రాదు. అందుకని ఆ ఒక్క సిలిండరుకి హాట్ ప్లగ్గు బిగించాడు. వ్యాను గడియారంలా నడిచింది. మత్స్యలింగం రెండు చేతులూ పట్టుకుని మెచ్చుకుని వెళ్ళాడు.

నాలుగో రోజున డాక్టరుగారు అతన్ని రక్తం తెమ్మని విశాఖపట్నం పంపారు. ఆ రక్తం మత్స్యలింగం భార్య చిలకమ్మకే. నెలలు నిండాయి, ఒంట్లో రక్తం లేదు, కాన్పుకి ముందే సీసాలు దగ్గరుండాలన్నారు. తెల్లారి బయల్దేరి, ఐసు పెట్టెలో రెండు సీసాలు పెట్టుకుని, మిట్టమధ్యాహ్నానికి ఘాటీ ఎక్కడం మొదలుపెట్టాడు. చదును రోడ్డు మీద ఆ ప్లగ్గుతో ఏ ఇబ్బందీ లేదు. ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రం ఇంజను లోపల కొలిమిలా కాగుతుంది. ఎర్రగా కాలిన ప్లగ్గు మూతే, కరెంటు రాకముందే, పెట్రోలుని అంటించేస్తుంది. సగం ఘాటీలో ఒక మలుపు దగ్గర ఐదో పిస్టనుకి చింతగింజంత చిల్లు పడి వ్యాను ఆగిపోయింది. మత్స్యలింగం ఐసు పెట్టె నెత్తిన పెట్టుకుని ఎండలో పరిగెత్తాడు. గంటన్నరకి ఒక లారీ దొరికింది. ఆసుపత్రి చేరేటప్పటికి బిడ్డ బతికి ఉంది, తల్లి లేదు.

వారానికి వ్యానుని తాళ్ళు కట్టి కిందికి లాక్కొచ్చారు. మేస్త్రి ఒక్కడే కూర్చుని విప్పాడు. చిల్లు చూశాడు, మితిమీరిన వేడికి తెల్లబడ్డ ప్లగ్గు చూశాడు, దాన్ని జేబులో వేసుకున్నాడు. పాత ఇంజను, దాని కాలం తీరిపోయిందని అందరికీ చెప్పాడు. అందరూ అవునన్నారు.

"ఆ ప్లగ్గు నల్లబడుతూనే ఉండి ఉంటే బండి మొరాయించేది. మొరాయించే బండి అని తెలిస్తే డాక్టరుగారు వేరే జీపు పంపేవారు. దాని నోరు నేను నొక్కేశాను" అన్నాడు మేస్త్రి.

ఆ ఏడు నుంచే, వ్యాను బాగుచేసిన మేస్త్రికని, సీతాఫలాలు రావడం మొదలైందట. తల్లి లేకుండా పెరిగిన ఆ పిల్లే కాయలు కోసి బుట్టలో పేరుస్తుందని మత్స్యలింగం ఎప్పుడో చెప్పాడు. నేనూ విన్నాను. వింటూ తింటూనే ఉన్నాను. నాకు మేస్త్రి మీద కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఈ రెంటిలో ఏది ముందు వచ్చిందో ఇప్పటికీ తేల్చుకోలేదు.

తాతబ్బాయి హాట్ ప్లగ్గుని మళ్ళీ పెట్టెలో పెట్టేసి మూత వేశాడు. అప్పుడే మత్స్యలింగం లోపలికి వచ్చాడు, చేతిలో మెత్తగా పండిన కాయ ఒకటి పట్టుకుని. తాతబ్బాయి ఆ పాత ప్లగ్గు ఉన్న గుప్పిట గబుక్కున మూశాడు. మూయమని ఎవరూ అతనికి చెప్పలేదు. జీపు రేపు రాదని, ఇంజను విప్పాల్సిందేనని, సంత జనానికి వేరే బండి చూసుకోమని మాత్రం తలెత్తకుండా చెప్పాడు. మత్స్యలింగం ముఖం చిన్నబోయింది. కాయని మేస్త్రి చేతిలో పెట్టి, బతిమాలుతున్నట్టు అన్నాడు:

"ఆ రోజు వ్యానుకి ఏసినావు కదా మేస్త్రీ, అలాంటిదేదో ఏసియ్యి. పాపం ఆ బండి, ఆగిపోయే మలుపు దాకా కొత్తదానిలాగే ఎక్కింది."

మేస్త్రి కాయ పట్టుకుని అలాగే నిలబడ్డాడు. వేళ్ళు బిగిసి కాయ పగిలింది, గుజ్జు మణికట్టు మీదుగా కారింది, ఆయన తుడుచుకోలేదు. మత్స్యలింగం చూపు తాతబ్బాయి గుప్పిట మీద పడింది. "ఏటది?" అన్నాడు.

తాతబ్బాయి గురువు వైపు చూశాడు. గుప్పిట ఇంకా బిగించాడు.

"చూపించరా" అన్నాడు సన్యాసి మేస్త్రి. "పైకి తెల్లగా ఉన్నాను కదా అని ఇన్నేళ్ళూ నన్ను ఎవరూ విప్పి చూడలేదు."