మా వీధి, మన వీధి

కూర్మయ్య గురువుగారికి అడిగినదానికి సూటిగా జవాబు చెప్పే అలవాటు లేదు. ఎవరైనా ప్రశ్న వేస్తే ఏదో ఒక పని చెప్పి పంపించేవారు. పని చేసి వచ్చాక జరిగినదంతా చెప్పించుకుని, చివర్లో ఒక మాట అనేవారు, అదీ మనసైతేనే. విశాఖపట్నం శివార్లలో, కొండ వాలున ఉన్న ఆయన రేకుల షెడ్డుకు వచ్చేవాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. అందుకని తీరిక లేనివాళ్ళు ఆయన్ని ఏమీ అడిగేవారు కాదు.

సన్యాసిరావు అడిగాడు. అతనికి తీరికకు లోటు లేదు. ఓడరేవులో ఉద్యోగం చేసి రిటైరై, తానుండే వీధి సంఘానికి కార్యదర్శిగా కుదురుకున్నవాడు. పేరుకే సన్యాసి. వీధిలో చెత్తబండి రావడం దగ్గర్నుంచి వినాయకుడి పందిరి దాకా అతని చెయ్యి పడనిది లేదు. గురువుగారంటే మాత్రం నిజమైన భక్తి.

"గురువుగారూ, ఎవరివాళ్ళు వాళ్ళ చోట ఉంటే తప్పేమిటండీ? ఊళ్ళు మొదట్నుంచీ అలాగే ఉన్నాయి కదా. ఒక్కో పేట ఒక్కొక్కళ్ళది. ఎవరి వంట వాళ్ళది, ఎవరి పండగ వాళ్ళది. కలిపితేనే కదండీ గొడవ?"

గురువుగారు అరటిపండు ఒలుచుకుంటున్నారు. "ఎవర్ని పంపించేస్తున్నారు?" అని అడిగారు.

సన్యాసిరావుకి చెప్పక తప్పలేదు. ఆ వీధిలో పైడితల్లమ్మ అనే ఆవిడ తన మేడమీద గదిని నీమా అనే అమ్మాయికి అద్దెకిచ్చింది. నీమాది ఆఫ్రికాలోని టాంజానియా. ఇక్కడ ఫార్మసీ చదువుతోంది, ఆఖరి పరీక్షలు దగ్గరపడ్డాయి. ఈ గది దొరకక ముందు ఆమె ఊరంతా తిరిగింది. ఫోన్లో "ఖాళీ ఉంది, రండి" అన్నవాళ్ళు మనిషిని చూడగానే "నిన్ననే ఇచ్చేశాం" అనేవారు. ఆ తిప్పలన్నీ పడి, చివరికి ఇక్కడ నిలదొక్కుకుని రెండేళ్ళు అవుతోంది. ఇప్పుడేమో వీధి చివర ఫ్లాట్లు కడుతున్న ఒకాయన, కొనడానికి వచ్చినవాళ్ళు మేడమీద ఆ అమ్మాయిని చూసి వెనక్కి తగ్గారని సంఘంలో గోల పెట్టాడు. ఆదివారాలు ఆమె స్నేహితులు వచ్చి గట్టిగా నవ్వుతారని ఇంకొకరు అందుకున్నారు. నవ్వడం తప్ప వేరే నేరమేదీ ఎవరికీ గుర్తు రాలేదు. అయినా ఖాళీ చేయించాలని తీర్మానం జరిగిపోయింది. పైడితల్లమ్మ మాత్రం, "నా నోటితో నేను చెప్పను, అంతగా కావాలంటే మీరే చెప్పుకోండి" అని లేచి వెళ్ళిపోయింది. చెప్పే పని కార్యదర్శి నెత్తిన పడింది.

"సంఘంలో ఏ భాషలో మాట్లాడుకున్నారు?" అన్నారు గురువుగారు.

"ఇలాంటివన్నీ ఇంగ్లీషులోనే అండి. కాస్త మర్యాదగా ఉంటుంది."

"ఆ పిల్లకి తెలుగొచ్చా?"

"మనకన్నా బాగా మాట్లాడుతుందండి."

"అయితే వెళ్ళి తెలుగులో చెప్పు. ఒక్క ఇంగ్లీషు ముక్క దొర్లకూడదు. చెప్పి వచ్చాక నీ ప్రశ్న సంగతి చూద్దాం."

ఇదేం పెద్ద పని అనుకున్నాడు సన్యాసిరావు. సంఘంలో అందరూ మెచ్చుకున్న వాక్యం అతని దగ్గర సిద్ధంగానే ఉంది. అవర్ స్ట్రీట్ ఈజ్ ఎ ఫ్యామిలీ స్ట్రీట్. అక్కణ్ణుంచి మొదలుపెడితే మిగతాది దానంతటదే వస్తుంది. మర్నాడు పొద్దున్నే బయల్దేరి, దాన్ని తెలుగులోకి తిప్పుకుంటూ పైడితల్లమ్మ ఇంటి మెట్లెక్కాడు.

నీమా బియ్యం కడుగుతోంది. "రండి బాబాయ్ గారూ, కూర్చోండి. పెద్దమ్మ కింద పప్పు రుబ్బుతోంది, పిలవనా?" అంది. పైడితల్లమ్మను పెద్దమ్మ అంటుంది కాబట్టి, ఆ వరసన వీధిలోని మగవాళ్ళంతా ఆమెకు బాబాయిలూ మావయ్యలూ అయిపోయారు. ఎవరూ కాదనలేదు. పిలిపించుకోవడానికి బాగానే ఉండేది.

"వద్దమ్మా, నీతోనే మాట్లాడాలి. ఏం లేదు, మన వీధి..." అని సన్యాసిరావు ఆగిపోయాడు. తాను అనాలనుకున్నది అది కాదు. వరస పెట్టి పిలిచిన పిల్ల ఎదురుగా ఉండేసరికి నోరు అలవాటు కొద్దీ ఆ మాట అనేసింది.

"ఏమైంది మన వీధికి? మళ్ళీ నీళ్ళు రావా?" అంది నీమా కంగారుగా.

"మన వీధి కాదమ్మా. మా వీధి."

నీమా నవ్వింది. తన తెలుగు దిద్దుతున్నాడనుకుంది. వీధిలో అందరూ దిద్దేవాళ్ళే.

"మొదట్లో నేను మీ వీధి అనేదాన్ని బాబాయ్ గారూ. పెద్దమ్మ తిట్టి మన వీధి అనమంది. మా భాషలో రెండింటికీ ఒకటే మాట. ఇక్కడే రెండున్నాయి. వినేవాళ్ళని కలుపుకుంటే మన, వదిలేస్తే మా. అంతే కదండీ? మరి ఇప్పుడు ఎవర్ని వదిలేశాం?"

ఇంగ్లీషులో ఈ ఇబ్బంది లేదు. అవర్ అనేస్తే ఎవరు లోపలో ఎవరు బయటో చెప్పకుండానే వాక్యం గట్టెక్కుతుంది. తెలుగులో మొదటి మాటకే తేల్చుకోవాలి. సన్యాసిరావు నీమా వంక చూడలేక గోడ మీది క్యాలెండరు కేసి చూశాడు. చెప్పడానికి వచ్చినదంతా ఆ చూపుతోనే చెప్పినట్టయింది.

నీమా ముఖంలో నవ్వు పోయింది. కడుగుతున్న బియ్యం పక్కన పెట్టి, తువ్వాలుతో చేతులు తుడుచుకుని లేచి నిలబడింది.

"పరీక్షలయ్యేదాకా ఉండొచ్చా సార్?" అని అడిగింది.

సన్యాసిరావు ఏదో గొణిగి మెట్లు దిగాడు. కింద పైడితల్లమ్మ రుబ్బురోలు దగ్గర్నుంచి తలెత్తి చూడలేదు.

అక్కణ్ణుంచి అతను ఇంటికి పోలేదు. తిన్నగా కొండ దగ్గరికి వచ్చి, జరిగినదంతా పూసగుచ్చినట్టు గురువుగారికి చెప్పాడు. తన పాత ప్రశ్న ఊసెత్తలేదు. "సార్ అందండి. ఇన్నాళ్ళూ బాబాయ్ అన్న పిల్ల సార్ అంది" అని మళ్ళీ మళ్ళీ అన్నాడు. అతనికి చాలా బాధగా ఉంది, సిగ్గుగానూ ఉంది.

కాసేపటికి తేరుకుని, "సంఘంలో నేను అడ్డం పడతానండి. వినకపోతే ఆ కార్యదర్శి పదవేదో వాళ్ళనే ఉంచుకోమంటాను. ఇప్పుడే వెళ్ళి, నువ్వెక్కడికీ పోనక్కర్లేదమ్మా అని చెప్పేస్తాను. దాంతో సరిపోతుంది కదండీ?" అన్నాడు.

"చెప్పు. ఆ పిల్ల ఉంటుంది" అన్నారు గురువుగారు. "ఖాళీ చేసింది నువ్వు. ఆ బాబాయ్ చోటు మళ్ళీ ఇస్తుందేమో అడిగి చూడు."