జోడు విడదీసిన మాంత్రికుడు

అనగనగా ఒక రాజు. ఆ రాజ్యంలో అందరూ ఇంగ్లీషు కలిపి మాట్లాడేవాళ్లు. అదేం రాజ్యం పిన్నీ అని అడక్కండి. రేపు మీకు గ్రామరు పరీక్ష, అందుకని అదే రాజ్యం.

అక్కడ కొన్ని మాటలు జంటగానే బతికేవి. ఐదర్ వెంట ఆర్, నైదర్ వెంట నార్, బోత్ వెంట అండ్. బండికి కట్టిన జోడెడ్లలాగా ఒకటి కదిలితే రెండోది కదలాల్సిందే. ఏడు సముద్రాల అవతల వక్రకేతు అనే మాంత్రికుడుండేవాడు. వాడికి తోడంటూ ఎవరూ లేరు, ఇద్దరు కలిసి ఉంటే చూసి ఓర్వలేడు. వచ్చి ప్రతి జంటలో రెండోదాన్ని ఎత్తుకుపోయాడు. వాడి కడుపుమంట చల్లారడానికి ఊరంతా ఏడవాలన్నమాట.

ఆ రోజే సభలో రాజుగారి కిరీటం పక్కకి ఒరిగితే, చంపకవల్లి అనే నేతపని చేసే అమ్మాయి ఫక్కున నవ్వింది. ఆ పిల్లనే మూడో రాజకుమారుడు కేయూరుడు పెళ్లాడబోతున్నాడు. రాజుకి కోపం వచ్చి, "ఐదర్ చెరసాల," అన్నాడు. "ఆర్ క్షమాపణ" అని పూర్తిచేయాలి. ఆర్ నోటికి రాలేదు. భటులకి చెరసాల ఒక్కటే వినిపించింది, పిల్లని లోపల వేసి తాళం పెట్టారు. ఆ పిల్ల లోపల్నుంచి "తప్పయిపోయింది మహారాజా" అంటూనే ఉంది. రాజాజ్ఞ పూర్తికానిదే తలుపు తీయకూడదట. సగం మాటతో మనిషిని లోపల వేయొచ్చు గానీ, బయటికి తేవాలంటే మాత్రం పూర్తి మాట కావాలట. ఇదెక్కడి న్యాయమో మీరే చెప్పండి.

పోయిన ఆర్ తేవడానికి ముందు పెద్ద రాజకుమారుడు వెళ్లాడు. ఏడు సముద్రాలు దాటాడు, మాంత్రికుడు నిద్రపోతుంటే చేతికందిన నార్ పట్టుకొచ్చాడు. రాజు "ఐదర్ చెరసాల, నార్ క్షమాపణ" అన్నాడు. తాళం కదల్లేదు. రెండోవాడు వెళ్లాడు. ఏడు సముద్రాలు దాటాడు, అండ్ పట్టుకొచ్చాడు. "ఐదర్ చెరసాల, అండ్ క్షమాపణ" అన్నాడు రాజు. ఉన్న తాళం పక్కన ఇంకో తాళం పడింది. ఏది దేనికి జోడో కనుక్కోవాలన్న జ్ఞానం ఇద్దరికీ లేదు.

అప్పుడు కేయూరుడు బయల్దేరాడు. ఒడ్డున ఒక ఆడచిలుక ఏడుస్తోంది. అన్నలిద్దరూ దాన్ని చూసి కూడా చూడనట్టే పోయారు. వీడు ఆగాడు.

"ఎందుకమ్మా ఏడుస్తున్నావు?"

"నా మొగుణ్ణి మాంత్రికుడు పంజరంలో పెట్టాడు నాయనా. తన ప్రాణం మా ఆయనలో దాచుకుని, నన్నిలా తరిమేశాడు."

కేయూరుడికి ఒళ్లు మండింది. చిలుకని భుజాన కూర్చోబెట్టుకుని ఏడు సముద్రాలూ దాటాడు.

పెళ్లాం గొంతు వినగానే పంజరంలో చిలుక రెక్కలు టపటపలాడించింది. మాంత్రికుడికి చెమటలు పట్టాయి. గుప్పిట్లో ఆర్ బిగించి పట్టుకుని బేరానికి దిగాడు.

"ఐదర్ నీ మాట తీసుకో, ఆర్ చిలుకని తీసుకో. ఒక్కటే ఇస్తాను."

"రెండూ నీవి కావు, బేరం పెట్టడానికి నువ్వెవడివి? బోత్ మాట అండ్ చిలుక," అని కేయూరుడు పంజరం తలుపు తీశాడు. చిలుక మెడ విరవలేదు, తలుపు తీశాడంతే. జంట ఎగిరిపోయింది. వాటితోపాటే మాంత్రికుడి ప్రాణమూ పోయింది. వాడి గుప్పిట్లోంచి ఆర్ జారి కేయూరుడి చేతిలో పడింది.

కేయూరుడు ఆర్ పట్టుకుని తిరిగొచ్చాక రాజు కిరీటం సర్దుకుని, "ఐదర్ చెరసాల, ఆర్ క్షమాపణ," అన్నాడు. తాళాలు రెండూ ఊడిపడ్డాయి. చంపకవల్లి బయటికొచ్చి నిలబడింది.

"నైదర్ చెరసాల, నార్ క్షమాపణ, మామగారూ. చెప్పాల్సినప్పుడు చెప్పాను, మీరు వినలేదు. ఇప్పుడు చెప్పాల్సింది మీరు."

రాజు కిరీటం తీసి చేత్తో పట్టుకున్నాడు. "తప్పు నాది తల్లీ," అన్నాడు.

కేయూరుడు, చంపకవల్లి పెళ్లిచేసుకుని చాలాకాలం రాజ్యమేలారు. వాళ్ల కోట తోటలోనే చిలుకల జంట పిల్లాపాపలతో ఉండిపోయింది. ఆ ఏలుబడిలో సగం మాటతో ఎవర్నీ లోపల వేయలేదు. మీరు మాత్రం రేపు పరీక్షలో ఐదర్‌ని ఒంటరిగా వదిలేసి వస్తే నాకు ముఖం చూపించకండి.