జబ్బులేని ఊరికి పిలుపు

పూర్వం ఒక రాజ్యాన్ని మహమ్మారి చుట్టేసింది. దున్నే మనిషి లేక పొలాలు బీడుపడ్డాయి. జబ్బు సోకిన ఊళ్లలో రైతుకు పది వరహాల చొప్పున సాయం ఇమ్మని రాజు ఆజ్ఞాపించాడు. పంచే అధికారి రుద్రప్ప మాత్రం కొండవలస ఊరి మొహమైనా చూడకుండా "అక్కడ జబ్బే రాలేదు" అని రాసి పారేశాడు.

విత్తే అదను దాటిపోతోంది. ఆ ఊరి గున్నమ్మ మొగుడు జబ్బుపడి అప్పుడే మంచం దిగాడు, ఇంకా నాగలి పట్టలేడు. ఆమే నడిచి రుద్రప్ప కచేరీకి వెళ్లింది. ఆ రోజు తనిఖీకి వచ్చిన మంత్రి కూడా అక్కడే ఉన్నాడు.

"మా ఊళ్లో జబ్బు లేదన్నారట, తమరి నోరు చల్లగుండ! రేపు మా ఇంట భోంచేసి, మా ఆయన పడుకున్న మంచం మీద కాస్త నడుం వాల్చండి బాబూ," అంది గున్నమ్మ.

రుద్రప్ప ఉలిక్కిపడి లేచాడు. "నన్ను చంపుదామనా? మీ పొలిమేర కూడా తొక్కను!"

"ఎందుకు బాబూ?"

"జబ్బు అంటుకోదూ?"

"ఆ మాటే కాగితం మీద రాసిప్పించండి. మాకదే చాలు."

మంత్రి పకపకా నవ్వి, రుద్రప్ప చేతికి కలం అందించాడు.

వారం తిరగకుండా వరహాలు అంది, కొండవలసలో అరకలు కదిలాయి. గున్నమ్మ పొద్దల్లా చోళ్ల విత్తనాలు చల్లి, ఇంటికొచ్చి, మొగుడి పక్కన కూర్చుని కడుపునిండా అంబలి తాగింది.