సన్నాసయ్య కుట్టేసిన పేజీలు

“సీతాలూ... ఓ సీతాలూ!”

వీధి చివర్నుంచి కేక వినబడింది. గిన్నెలు తోమేవాళ్ళు గిన్నెలు వదిలేశారు. పొయ్యి ఊదేవాళ్ళు గొట్టం వదిలేశారు. అందరూ గుమ్మాల్లోకి పరుగెత్తుకొచ్చారు. ఎందుకంటే, ఆ పేరుగల పిల్ల పోయి అప్పటికి పంతొమ్మిది రోజులయింది.

భయపడ్డావా బుజ్జీ? దుప్పటి మొహం మీదకి లాక్కోకు, ఇలా నా పక్కకి జరుగు. కేక పెట్టింది దెయ్యం కాదులే. ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో మొదట్నుంచీ చెప్తాను. ఊఁ కొట్టడం మాత్రం మానకూడదు.

అనగనగా ఒక ఊళ్ళో తుంగచాపలు అల్లేవాళ్ళ వీధి ఒకటుండేది. ఆ వీధిలోకి ప్రతి లక్ష్మివారం సన్నాసయ్య అనే ముసలాయన కావిడి భుజానేసుకుని వచ్చేవాడు. కావిడిలో కూరగాయలనుకున్నావేమో, కాదు. ముందు బుట్టలో జనం చదివేసిన పుస్తకాలు. వెనక బుట్టలో చదవబోయే పుస్తకాలు. “చదివింది ఇవ్వండోయ్, చదవబోయేది పట్టుకోండోయ్!” అని అరుచుకుంటూ వచ్చేవాడు.

ఎవరికి ఏ పుస్తకం ఇవ్వాలో ఆయనే చెప్పేవాడు. మనిషి మొహం చూసేవాడు, గడ్డం గోక్కునేవాడు, బుట్టలో చెయ్యి పెట్టేవాడు. “నీకు కోపమెక్కువ, ఈ దొంగల కథ చదువు.” “నీకు నిద్రపట్టదు కదూ, ఈ రాజ్యాల చరిత్ర పట్టుకెళ్ళు, రెండో పేజీకి గురక పెడతావు.” అట్లా అన్నమాట. ఆయన చెప్పింది తప్పేది కాదు.

కానీ ఆయనకో అలవాటుండేది. అది మాత్రం ఎవరికీ తెలీదు. ఏ పుస్తకంలోనైనా ఏడుపొచ్చే చోటుంటే, ఆ పేజీలన్నీ కలిపి సూదీదారంతో గట్టిగా కుట్టేసేవాడు. పైకి చూస్తే బైండింగు అనుకోవాలి. జనం అక్కడిదాకా చదివి, కుట్టు దాటేసి, తర్వాతి పేజీ పట్టుకునేవాళ్ళు. ఆ వీధిలో పుస్తకం చదివి కన్నీళ్ళు పెట్టుకున్నవాళ్ళు లేరు. అందుకు సన్నాసయ్య లోపల్లోపలే పొంగిపోయేవాడు.

ఆ వీధిలోనే పోలమ్మ, దానయ్య అని మొగుడూ పెళ్ళాలుండేవాళ్ళు. వాళ్ళకి ఒక్కతే కూతురు, ఏడేళ్ళది. అదే సీతాలు. తల్లి చాప అల్లుతుంటే ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుని పుస్తకం పైకి చదివేది. తల్లికి అక్షరాలు నేర్పింది కూడా ఆ పిల్లే. “అమ్మా, అది ‘ఘ’. పొట్ట చూడవేం?” అని మందలించేది కూడానూ.

ఒకసారి సీతాలు ఒక పడవవాడి కథ చదువుతోంది. పడవవాడికి చిన్న కొడుకుంటాడు. వరదొస్తుంది. వాడు పడవ అంచున నిలబడి ఉంటాడు. ఆ తర్వాత... కుట్టు!

లక్ష్మివారం నాడు సీతాలు పుస్తకం తిరిగిచ్చేస్తూ సన్నాసయ్య పంచె పట్టుకుని లాగింది. “తాతా, ఈ కుట్టు వెనకాలేముంది?”

“ఏముంటుందమ్మా, ఖాళీ కాగితాలు” అన్నాడాయన.

అప్పుడు, ఆ వారమే, సీతాలుకి జ్వరమొచ్చింది. మొదటిరోజు ఒళ్ళు కాలింది. రెండోరోజు మాట తడబడింది. మూడోరోజు తల్లి చెయ్యి పట్టుకుని, “పడవవాడి పిల్లోడు ఏమయ్యాడమ్మా?” అని అడిగింది. “తాత వచ్చాక అడుగుదాంలే” అంది పోలమ్మ. తాత వచ్చేసరికి పిల్ల లేదు.

ఊఁ కొట్టవేం? సరే, నీళ్ళు తాగు. తాగావా? విను మరి.

ఆ వీధికో కట్టుబాటుంది. చావు జరిగిన ఇంట్లో తల్లో, తండ్రో, పిల్లలో, ఎవరైతే ఎక్కువ పోగొట్టుకున్నారో వాళ్ళు కూర్చుని ముద్ద తినేదాకా వీధిలో ఎవరూ కూర్చుని తినకూడదు. గుమ్మంలో నిలబడి నాలుగు మెతుకులు మింగాలంతే. మామూలుగా మూడోరోజుకో, ఐదోరోజుకో అయిపోతుందది. ఆ మనిషి ఏడ్చేస్తుంది, పక్కింటివాళ్ళు ముద్ద కలిపి పెడతారు, అందరూ వరసగా బంతిలో కూర్చుంటారు.

పోలమ్మ ఏడవలేదు. ఒక్క చుక్క రాలేదు. సగం అల్లిన చాప ముందు కూర్చుని గోడకేసి చూసేది. దానయ్య చెంచాతో గంజి పోస్తే సగం లోపలికి, సగం మెడ మీదకి. వీధి వీధంతా కాళ్ళు పీకుతూ నిలబడి తింటోంది. పక్కింటి చిట్టెమ్మ వయసులో పెద్దది, నోరూ పెద్దదే. “ఇట్లాగే ఉంటే ఈసారి పాడె దీనికే కట్టాలి” అంది. అంది కానీ, కొంగుతో కళ్ళొత్తుకుంది.

ఐదోరోజు లక్ష్మివారం. సన్నాసయ్య వచ్చాడు. కేక వెయ్యకుండా వచ్చాడు. అరుగు మీద కూర్చుని, పిసినారి గేదె కథ తీసి తనే చదివి వినిపించాడు. గుమ్మాల్లో వాళ్ళు ఆపుకోలేక కిసుక్కున నవ్వి నాలుక కరుచుకున్నారు. పోలమ్మ మాత్రం, “సీతాలైతే నవ్వేది తాతా” అని మళ్ళీ గోడకేసి తిరిగింది.

ఆ తర్వాత పన్నెండో రోజు లక్ష్మివారం. ఈసారి ఆయన మంచిమాటల పుస్తకం తెచ్చాడు. అంతా మన మేలుకే జరుగుతుందని అందులో పేజీకోసారి రాసుంది. పోలమ్మ మొత్తం విని, “ఇది రాసినాయనకి పిల్లలు లేరేమో తాతా” అంది. సన్నాసయ్య పుస్తకం మూసేసి తలొంచుకుని వెళ్ళిపోయాడు.

అప్పుడు పంతొమ్మిదో రోజు వచ్చింది. సన్నాసయ్య కావిడి దింపాడు. గడ్డం గోక్కున్నాడు. బుట్టలో చెయ్యి పెట్టాడు, తీశాడు. మళ్ళీ పెట్టాడు, మళ్ళీ తీశాడు. అన్నేళ్ళలో మొదటిసారి ఏ పుస్తకం ఇవ్వాలో ఆయనకి తెలీలేదు.

పోలమ్మ గోడ పట్టుకుని లేచింది. పుల్లలాంటి చేతులు. ముందు బుట్ట దగ్గరికెళ్ళి తానే వెతికి పడవవాడి పుస్తకం లాగింది.

“అది వద్దమ్మా” అన్నాడు సన్నాసయ్య.

“ఈ కుట్టు వెనకాలేముంది?”

“ఖాళీ కాగి...”

“అబద్ధమాడకు తాతా. నా పిల్ల ఎండకి ఎత్తి పట్టుకుని చూసింది. అక్షరాలు కనబడ్డాయంది. పోయేముందు కూడా అదే అడిగింది.”

అంతే, సన్నాసయ్య అరుగు మీద కూలబడ్డాడు. అప్పుడు చెప్పాడు అసలు సంగతి. ఆయన భార్యకి ఒళ్ళు బాగాలేనప్పుడు మంచం పక్కన కూర్చుని ఇదే పుస్తకం చదివి పెట్టేవాడట. వరద దగ్గరికొచ్చాక ఆయన ముందుకి చదవలేకపోయాడు. “ఆ తర్వాత?” అని ఆవిడడిగింది. “అంతే, అయిపోయింది” అన్నాడు. ఆ సాయంత్రమే ఆవిడ పోయింది. ఆయన సూదీదారం తెచ్చి ఆ పేజీలు కుట్టేశాడు. మొట్టమొదట కుట్టింది ఆ పుస్తకాన్నే. ఆ తర్వాత మిగతావన్నీ.

“అక్కడంతా ఏడుపే తల్లీ. నీకేం తక్కువని మళ్ళీ అదెందుకు?”

“ఏడుపైతే నాదే కదా” అంది పోలమ్మ. “నాకియ్యి.”

దానయ్య లోపలికెళ్ళి చాప అంచులు కోసే కత్తి తెచ్చాడు. సన్నాసయ్య కత్తి ముట్టుకోలేదు. పోలమ్మే కోసింది. ఒక కుట్టు, రెండు కుట్లు, మూడు కుట్లు. దారం తెగింది, పేజీ విచ్చుకుంది.

ముసలాయన చదవడం మొదలెట్టాడు. పిల్లోణ్ణి వరద తీసుకుపోయింది. ఇంకొక్క వాక్యం చదివి ఆయన పుస్తకం దించేశాడు. అప్పుడు పోలమ్మ పుస్తకం అందుకుంది. కూతురు నేర్పిన అక్షరాలతో, వేలు పెట్టుకుని, కూడబలుక్కుని చదివింది. పడవవాడు రోజూ రేవులో నిలబడి కొడుకుని పేరు పెట్టి పిలిచేవాడట. ఊరుకో అన్నారట అందరూ. పోయినవాడు పలుకుతాడా అన్నారట. ఒక్క ముసలమ్మ మాత్రం ఏమీ అనలేదు. వచ్చి పక్కన నిలబడి, తనూ ఆ పేరే పిలిచింది. అంతే ఉంది అందులో. పిల్లోడు తిరిగి రాలేదు.

పోలమ్మ పుస్తకం ఒళ్ళో పెట్టుకుంది. ఆ తర్వాత లేచి వీధిలోకి నడిచింది. వీధి చివరిదాకా వెళ్ళి, ఊపిరంతా తీసుకుని అరిచింది.

“సీతాలూ... ఓ సీతాలూ!”

అదీ బుజ్జీ, ఇందాక విన్న కేక.

“పిచ్చెత్తిందా ఏంటి?” అన్నారెవరో. చిట్టెమ్మ వాళ్ళకేసి ఒక్క చూపు చూసింది. అరుగు పక్కన నిలబడి కథంతా విన్నదిగా మరి! చకచకా నడిచెళ్ళి పోలమ్మ భుజం ఆనుకుని నిలబడి, “సీతాలూ! ఒసే పిల్లా, మా ‘ఘ’ పొట్ట దిద్దేదెవరే!” అని గొంతెత్తింది. తర్వాత దానయ్య పిలిచాడు. తర్వాత వీధి వీధంతా పిలిచింది. సన్నాసయ్య కూడా పిలిచాడు, కానీ ఆయన పిలిచింది సీతాలుని కాదు, భార్యని. ఎవరూ తప్పుపట్టలేదు.

ఎవరూ పలకలేదు. ఎట్లా పలుకుతారు? పోయినవాళ్ళు పోయినట్టే. కానీ పోలమ్మ అప్పుడు ఏడ్చింది. వీధి మధ్యలో కూలబడి, చిట్టెమ్మ ఒళ్ళో తల పెట్టుకుని, పంతొమ్మిది రోజుల ఏడుపు ఒక్కసారే ఏడ్చింది.

ఏడ్చి ఏడ్చి, ముక్కు తుడుచుకుని, “ఏం వండావు పెద్దత్తా?” అంది.

“ఏముంది, గోంగూర పప్పు. మాడింది, నీ కథ వింటూ వదిలేశాగా” అంది చిట్టెమ్మ.

“మాడిందే పెట్టు.”

ఇంకేముంది! ఇళ్ళల్లోంచి చాపలొచ్చాయి. చాపలు అల్లేవాళ్ళకి చాపలకి కరువా? వీధి పొడుగునా పరిచేశారు. గిన్నెలొచ్చాయి, విస్తళ్ళొచ్చాయి. పోలమ్మ ఇంటిముందు సగం అల్లిన చాప కూడా తెచ్చి పరిచారు. దాని మీద ఎవరూ కూర్చోలేదు.

“వచ్చే లక్ష్మివారానికి ఏది చదవమంటావు తాతా?” అని అడిగింది పోలమ్మ.

“ఇకమీదట నువ్వే చెప్పాలమ్మా” అన్నాడు సన్నాసయ్య. “నాకు కుట్లు విప్పే పని చాలా ఉంది.”

చిట్టెమ్మ ముద్ద కలిపి పోలమ్మ చేతిలో పెట్టింది. పోలమ్మ తిన్నది. అప్పుడు, పంతొమ్మిది రోజుల తర్వాత, వీధి వీధంతా మోకాళ్ళు మడిచి బంతిలో కూర్చుంది.

దాచిన ఏడుపు కంటికి,
మాడిన ముద్ద ఒంటికి,
నడిచిన కథ కంచికి,
నిద్దరొచ్చిన మనం ఇంటికి.