మర్తా పొయ్యి ఇటుకలు

అనగనగా మనకి చాలా దూరాన, ఎడారి అంచున ఒక ఊరు. చుట్టూ గోడ, గోడకి ఒకటే వాకిలి. ఆ వాకిలి పక్కనే రొట్టెలు కాల్చి అమ్మే మర్తా ఇల్లు. ఆవిడకి ఉన్నదల్లా తెక్లా అనే కూతురు, ఓ పెద్ద ఇటుకల పొయ్యి.

ఆ ఊరివాళ్ళకి ఓ పాడు అలవాటు. సైన్యం వస్తోందంటే చాలు, వాకిలిని ఇటుకలతో మూసేసేవాళ్ళు. ఇటుకలెక్కడివి? దగ్గర్లో ఉన్నవి మర్తా పొయ్యివే కదా!

మొదట పర్షియా రాజు సైన్యం వచ్చింది. పొయ్యి పీకారు, వాకిలి మూశారు. సైన్యం ఒక్క గుద్దు గుద్ది లోపలికొచ్చి మేకల్ని తోలుకుపోయింది. మర్తా ఇటుకలు ఏరుకుని మళ్ళీ పొయ్యి కట్టుకుంది.

ఆ తర్వాత రోము రాజు సైన్యం వచ్చింది. మళ్ళీ పొయ్యి పీకారు. మళ్ళీ అదే గుద్దు. ఈసారి కోళ్ళు పోయాయి, ఊరు రోము రాజు పాలైంది. మర్తా పళ్ళు కొరుక్కుంటూ మళ్ళీ కట్టుకుంది.

అప్పుడు దక్షిణాన, అరబ్బుల ఎడారిలో, ఇస్లాం అని కొత్త మతం వచ్చింది. ఎప్పుడూ కొట్టుకునే తెగలన్నీ ఒక్కటయ్యాయి. ఒంటెలెక్కి, ఊరి తర్వాత ఊరు గెలుచుకుంటూ ఈ ఊరి దాకా వచ్చాయి.

మర్తా ఊళ్ళో బావికెళ్ళి వచ్చేసరికి పొయ్యీ లేదు, వాకిలీ లేదు.

"అయ్యో, మా తెక్లా పిండి విసిరించుకురావడానికి ఏటి ఒడ్డున నీటి తిరగలి దగ్గరికెళ్ళింది! బయటుంది!"

"సైన్యం కూడా బయటే ఉంది కదమ్మా," అన్నాడో ఊరిపెద్ద, తాపీగా.

మర్తా గబగబా గోడెక్కి చూసింది. కింద ఒంటెలే ఒంటెలు.

"మర్తక్కా!"

ఎవరా అని చూస్తే నౌఫల్. ఏటా ఖర్జూరాలు తెచ్చి అమ్ముకుని, ఆవిడ రొట్టెలు తినిపోయే నౌఫల్. నడుముకి కత్తి!

"నువ్వట్రా? ఖర్జూరాలమ్ముకోక ఇదేం పోయేకాలం!"

"అవీ తెచ్చానక్కా. మా సేనాని మాట చెప్పమన్నాడు. మీ రాజుకి కట్టే పన్ను ఇకనుంచి మాకు కట్టండి. మీ ఇళ్ళు మీవి, మీ చర్చి మీది. కాదంటే గోడ పడగొడతాం."

"మా తెక్లా ఏదిరా?"

"ఇక్కడే ఉంది. పిండి కలపడం రాదని మా వంటవాళ్ళని తిడుతోంది."

"మరి పంపవేం?"

"ఎటునుంచి పంపను? వాకిలి మూసుకుంది మీరే కదా!"

మర్తా తల పట్టుకుంది. అప్పుడు ఆవిడకి ఒకటి గుర్తొచ్చింది. ఆ దారుల్లో ఒక కట్టుబాటుంది. ఎవరింటి రొట్టె, ఉప్పు తింటే, వాళ్ళ మీద చెయ్యెత్తకూడదు. నిన్నటి ఎండు రొట్టె మీద ఉప్పు చల్లి, బుట్టలో పెట్టి, తాడుతో దించింది.

"ముందు మీ సేనానిని తినమను."

సేనాని కొరికాడు. పళ్ళు కదిలే ఉంటాయి పాపం. అయినా మింగాడు.

ఆ తర్వాత మర్తా గోడ దిగింది. దిగితే ఏముంది? ముగ్గురు ఊరిపెద్దలు మూడు మాటలు. రోము రాజొస్తాడు ఆగుదామని ఒకరు. ఇంకా ఇటుకలు పేరుద్దామని ఒకరు. భోంచేసి ఆలోచిద్దామని ఒకరు!

మర్తా రోకలి తీసుకొచ్చింది.

"ఏంటమ్మా, ఏంటది?"

"ఇవి నా పొయ్యి ఇటుకలు. నావి నేను పట్టుకెళ్తున్నా. మీ వాదన మీరు కానివ్వండి."

ముగ్గురు పెద్దలూ పక్కకి తప్పుకున్నారు. ఆవిడవే కదా మరి!

మొదటి కంతలోంచి ఓ చెయ్యి వచ్చింది. మోచేతి దాకా పిండి. ఆ చెయ్యి పట్టుకుని మర్తా ఏడ్చింది. ఏడ్చి, ఇంతసేపూ ఎక్కడ చచ్చావే అని తిట్టింది.

వాకిలి తెరుచుకున్నాక పన్ను తప్పలేదనుకో. కానీ సేనాని ఉప్పు మాట నిలబెట్టుకున్నాడు. ఆ దారిన వర్తకులు పెరిగారు. యెమెన్ సాంబ్రాణి, ఈజిప్టు నారబట్టలు, మన మిరియాలు, అన్నీ మర్తా ఇంటి ముందునుంచే వెళ్ళేవి. పొయ్యిని మాత్రం ఇంకెవరూ ముట్టుకోలేదు. రోకలి గుమ్మం పక్కనే ఉండేది మరి.

ఇటుకలు పొయ్యికి, రొట్టెలు సంతకి,
ఒంటెలు దారికి, కథేమో కంచికి,
కాళ్ళు ముడుచుకో తల్లీ, మనమింక నిద్రకి.