తాటాకు నమిలిన గానుగెద్దు

అనగనగా అంటే మరీ అంత పాతకాలం కాదు పిల్లలూ, గానుగలకు కరెంటు మోటార్లు వచ్చిన కొత్త రోజులు. ఒక అడవి పక్కన ఒక ఊరు. ఆ ఊళ్ళో అప్పలస్వామి అనే ఆయనకు నూనె గానుగ ఉండేది. దాన్ని తిప్పే ఎద్దు పేరు బొల్లన్న. నుదుటి మీద తెల్లటి మచ్చ ఉండేది, అందుకని ఆ పేరు.

గానుగ తిప్పే ఎద్దుకు కళ్ళు తిరగకుండా గంతలు కడతారు. తెల్లవారగానే కట్టి, పొద్దుగూకాక విప్పుతారు. బొల్లన్నకు తను గుండ్రంగా తిరుగుతున్నాడని ఎవరూ చెప్పలేదు. రోజూ బోలెడంత దూరం నడుస్తున్నాననీ, సాయంత్రానికి ఎవరో పుణ్యాత్ములు తనను ఇంటికి తెచ్చి దింపుతున్నారనీ అనుకునేవాడు. నవ్వకండి. గంతలు కట్టుకుని నడిచి చూడండి, మీకూ అలాగే ఉంటుంది.

ఒకరోజు మోటారు వచ్చింది. అప్పలస్వామి చెడ్డవాడేమీ కాదు. ఎద్దు మెడ నిమిరి, కళ్ళు తుడుచుకుని, చివరిసారిగా తెలకపిండి పెట్టి, అడవి దారిలో వదిలేశాడు.

అడవిలో బతకడమంటే మాటలా? అక్కడ ఒక పులి ఉంది. దాని భయానికి జంతువులన్నీ కలిసి, మధ్యలో కాపలా బాట వదిలి, రెండు వరసల పెద్ద ముళ్ళకంచె కట్టుకున్నాయి. చీకటి పడితే అన్నీ అందులోనే పడుకునేవి. ఆ కంచెకు పెద్ద దిక్కు ఏనుగవ్వ. ఆవిడ పెట్టిన కట్టుబాటు ఒక్కటే. లోపల పడుకోవాలంటే అందరికీ పనికొచ్చే పని ఏదో ఒకటి చెయ్యాలి. కొత్తగా వచ్చినవాళ్ళకు అమావాస్య దాకా గడువు. ఆలోగా పని దొరక్కపోతే కంచె బయటే పడక. బయట పడుకున్నవాళ్ళు మర్నాడు పలకరించడానికి దొరికేవాళ్ళు కాదు.

బొల్లన్నకు గడ్డి గొంతు దిగడం మానేసింది.

కంచె గుమ్మం దగ్గర నక్కబావ కొట్టు ఉండేది. తాటాకుల మీద గోటితో బయోడేటాలు గీకడం అతని వ్యాపారం. ఫీజు కింద పీతల చెరువు దాకా వీపు మీద ఎక్కించుకుని తీసుకెళితే చాలు. బొల్లన్న వెళ్ళి తన సంగతి చెప్పుకున్నాడు.

"ఇన్నాళ్ళూ ఏం చేశావు?" అని అడిగాడు నక్కబావ.

"నడిచాను బావా. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నడుస్తూనే ఉన్నాను."

నక్కబావ ఏవో లెక్కలు కట్టి, కాశీకి బోలెడన్నిసార్లు పోయివచ్చినంత నడక అయ్యుంటుందని తేల్చాడు. 'దేశదేశాలు తిరిగిన బాటసారి, దారుల మీద మహా అనుభవం' అని తాటాకు మీద గీకాడు. బొల్లన్నకు అందులో అబద్ధమేమీ కనిపించలేదు. పైగా ఛాతీ కాస్త ఉబ్బింది కూడా.

సరిగ్గా అప్పుడే లేళ్ళకు దారి చూపేవాడు కావలసివచ్చాడు. ఏటి అవతల మంచి పచ్చిక ఉందని విన్నాయి గానీ వాటికి దారి తెలియదు. లేళ్ళ పెద్దక్క తాటాకు చూసి మురిసిపోయింది. ఇంత లోకం చూసినవాడిని ప్రశ్నలు అడగడం మర్యాద కాదనుకుంది. మందనంతా వెంటబెట్టుకుని బొల్లన్న వెనకే బయలుదేరింది.

బొల్లన్న కళ్ళు మూసుకున్నాడు. పని నడకలో కళ్ళు తెరిస్తే అతనికి అడుగు పడదు మరి. అతను నడిచాడు, మంద వెనకాల నడిచింది. కాసేపటికి మందకు ఒక చింతమోడు కనిపించింది. ఇంకాసేపటికి అలాంటిదే ఇంకొకటి. ఆ తర్వాత మరొకటి. ఈ దేశంలో చింతమోళ్ళు ఎక్కువేనని పెద్దక్క పిల్లలకు వివరించి చెప్పింది కూడా. పొద్దు వాలుతుండగా, మోడు మీద కూర్చున్న తొండ ఇక ఉండబట్టలేకపోయింది.

"పొద్దుటి నుంచి నా చుట్టూ ప్రదక్షిణాలు చేస్తున్నారు. ఏదైనా మొక్కు ఉందా?" అంది.

బొల్లన్న కళ్ళు తెరిచాడు. మోడు చుట్టూ తన గిట్టలు తొక్కిన గుండ్రటి బాట నున్నగా కనిపించింది. లేడిపిల్లలు ఆకలికి నేల మీద చతికిలబడ్డాయి. పెద్దక్క నోటికొచ్చినట్టు తిట్టింది. అవేవీ అతని చెవికెక్కలేదు. అయితే ఇన్నేళ్ళూ నేను ఎక్కడికీ వెళ్ళలేదా అనుకున్నాడు. సిగ్గుతో, దుఃఖంతో తల వాల్చేశాడు. గానుగెద్దు బతుకు అని జనం అంటుంటే అదెవరో పాపం అనుకునేవాడు. తనేనని ఆ పూట తెలిసింది.

నక్కబావ మాత్రం ఏమీ నొచ్చుకోలేదు. ఇకమీదట గానుగ మాటే ఎత్తవద్దనీ, పాత బతుకును దాచిపెట్టడమే ఉద్యోగానికి మొదటి మెట్టనీ బోధించాడు. ఇంకో తాటాకు తీసి, 'గాలిని వెనక్కి నెట్టే పరుగు' అని గీకాడు. ఇది పచ్చి అబద్ధమని బొల్లన్నకు తెలుసు. కానీ చంద్రుడు రోజురోజుకీ సన్నబడుతున్నాడు. ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు అంటారు. భయం అబద్ధమెరుగదు అని కూడా చేర్చుకోవచ్చు.

ఆ తాటాకు పట్టుకుని, కబుర్లు మోసే కుందేళ్ళ దగ్గరికి ఇంటర్వ్యూకి వెళ్ళాడు. కుందేళ్ళ మేస్త్రి తాటాకును ఒకసారి, ఎద్దు పొట్టను ఒకసారి చూశాడు. అదిగో, ఆ బండ దాకా పరిగెత్తి రమ్మన్నాడు. బొల్లన్న ఊపిరి బిగబట్టి నాలుగు గెంతులు గెంతాడు. ఐదో గెంతుకల్లా ఒళ్ళు గానుగ నడకలో పడిపోయింది. ఆ పైన కాళ్ళు వాటంతట అవే పక్కకు తిరిగాయి. మెల్లగా ఒక చుట్టు చుట్టి, బయలుదేరినచోటికే వచ్చి నిలబడ్డాడు.

"తిరిగి రావడం బాగానే వచ్చావు. వెళ్ళడమే మిగిలింది" అన్నాడు మేస్త్రి. కుందేళ్ళన్నీ గడ్డిలో పొర్లి పొర్లి నవ్వాయి.

అమావాస్య రానే వచ్చింది. ఆ పొద్దున ఏనుగవ్వ కంచె కాపలాకు ఒకరు కావాలని కబురు పెట్టింది. నక్కబావ ఆగమేఘాల మీద మూడో తాటాకు గీకిచ్చాడు. 'కొమ్ములతో పులులను చీల్చిన వీరుడు.' ఏనుగవ్వ ముసలిది, చూపు ఆనదు, తలెత్తుకుని నిలబడితే సరిపోతుందని ధైర్యం కూడా చెప్పాడు.

బొల్లన్న తాటాకును నోట కరుచుకుని బయలుదేరాడు. దారిలో లేడిపిల్లలు ఆడుకుంటున్నాయి. వాటిని చూసేసరికి కాళ్ళు ఆగిపోయాయి. మొదటి తాటాకులో ఉన్నది తను తెలియక చెప్పిన మాట. దానికే వీళ్ళు ఒక పగలంతా పస్తుండి తిరిగారు. ఇది తెలిసి చెబుతున్న మాట. దీన్ని నమ్ముకుని ఇవాళ రాత్రి వీళ్ళు కళ్ళు మూసుకుంటారు. పులి వస్తే ఏం చీలుస్తాడు తను? మరి నిజం చెబితే కొలువు దొరకదు. దొరక్కపోతే ఈ రాత్రికి కంచె బయటే. అయినా బొల్లన్న తాటాకును నమిలేశాడు. ఎద్దు కదా, నమలడం దానికి కొత్తేమీ కాదు.

"ఏదీ, నీ తాటాకు?" అని అడిగింది ఏనుగవ్వ.

తినేశానని చెప్పాడు బొల్లన్న. దవడలో ఇంకా చివరి ముక్క ఉంది. ఏనుగవ్వ తొండంతో నోరు తుడుచుకుంటున్నట్టు నవ్వు దాచుకుని, అయితే నోటితోనే చెప్పమంది.

"గానుగ తిప్పాను అవ్వా. గంతలు కట్టుకుని ఒక్కచోటే తిరిగాను. చాలా దూరం పోయాననుకున్నాను. ఎక్కడికీ పోలేదు. పులితో పోట్లాడటం నాకు రాదు."

"ఎంత దూరం పోయావని నేనడగలేదు నాయనా. నువ్వు తిరిగితే ఏమైంది?"

ఈ ప్రశ్న అతన్ని ఎవరూ అడగలేదు. నక్కబావా అడగలేదు, తనను తాను కూడా ప్రశ్నించుకోలేదు.

"ఏమైందో చూడలేదు అవ్వా. విన్నాను. పొద్దున్నే ఆడవాళ్ళు గిన్నెలు పట్టుకుని వచ్చేవాళ్ళు. వచ్చేటప్పుడు అవి గలగలలాడేవి. సాయంత్రం పోయేటప్పుడు ఒక్కటీ మోగేది కాదు."

"ఎందుకని?"

"నిండేవి కాబట్టి" అన్నాడు బొల్లన్న. ఆ మాట అంటూ వంచిన తల ఎత్తాడు.

ఏనుగవ్వ ఇంకా అడిగింది. అప్పలస్వామి నోట రోజూ విన్న మాటలు బొల్లన్నకు ఇప్పుడు అర్థమయ్యాయి. గబగబా నడిస్తే నువ్వులు చిందుతాయనీ, మందగిస్తే గానుగలో రోకలి బిగుసుకుంటుందనీ, ఆగితే ఎవరో ఒకరు ఖాళీ గిన్నెతో పోతారనీ, అందుకే ఆగేవాడిని కాదనీ చెప్పాడు. విసుగు పుట్టేది కాదా అంటే, పుట్టేదనీ, పుట్టినా నడిచేవాడిననీ ఒప్పుకున్నాడు. తర్వాత తనే ధైర్యం చేసి, ఇంతకు ముందున్న కాపలావాళ్ళు ఎందుకు నిలవలేదని అడిగాడు. ఏనుగవ్వకు ఆ ప్రశ్న నచ్చింది.

"వీరులు చాలామంది వచ్చారు. ఆకు కదిలితే దాని వెంట పరిగెత్తినవాడు ఒకడు. రెండు చుట్లు తిరిగి కునుకు తీసినవాడు ఒకడు. పులి కంచె ఎత్తు చూడదు నాయనా, కాపలావాడి అడుగుల చప్పుడు వింటుంది. ఆ చప్పుడు ఎక్కడ ఆగితే అక్కడ దూకుతుంది. నాకు కొమ్ములు అక్కర్లేదు, ఆగని అడుగు కావాలి. కాకపోతే నువ్వు ఒకటి కొత్తగా నేర్చుకోవాలి. కళ్ళు తెరుచుకుని నడవాలి."

ఆ నేర్చుకోవడం మాటలు కాదు. సాయంత్రం దాకా బొల్లన్న తడబడుతూనే ఉన్నాడు. ఓసారి ముళ్ళల్లోకి పోయాడు, ఓసారి కొండముచ్చు తోక తొక్కి తిట్లు తిన్నాడు. చీకటి పడేసరికి కళ్ళూ కాళ్ళూ ఒకదానికొకటి అలవాటు పడ్డాయి.

ఆ రాత్రి పులి వచ్చింది. కంచె అవతల పొదలో కూర్చుని చెవులు రిక్కించింది. అడుగులు వినిపించాయి. దగ్గరికొచ్చాయి, దాటిపోయాయి, మళ్ళీ వచ్చాయి. ఇక ఆగుతాయి, ఇక ఆగుతాయి అని ఎదురుచూసింది. అవి ఆగలేదు. చివరికి ఆవులించి, లేచి, పక్క కొండకు పోయింది. పులికి కూడా విసుగు పుడుతుంది పిల్లలూ.

కంచె లోపల లేళ్ళ పెద్దక్క ఏదో పీడకలకు ఉలిక్కిపడి లేచింది. తల ఎత్తి వింది. ముళ్ళ అవతల గిట్టల చప్పుడు తాపీగా సాగిపోతోంది. ఆ నడక ఎవరిదో దానికి తెలుసు. పిల్లలను దగ్గరికి జరుపుకుని, చెవులు వాల్చి మళ్ళీ నిద్రపోయింది.

నడుస్తూనే, చుక్కల వెలుగులో, కంచె సందులోంచి బొల్లన్న అది చూశాడు. తన నడక వల్ల ఏమవుతుందో అతను కళ్ళారా చూడటం అదే మొదటిసారి.

నీతి: కొలువు అడగబోయేటప్పుడు లేని గొప్పలు గీకించుకోనక్కర్లేదు, చేసిన పని వల్ల ఎవరికి ఏం ఒరిగిందో తెలుసుకుని, ఉన్నది ఉన్నట్టు చెప్పగలిగితే అదే అక్కరకొస్తుంది.